మెరుపు అన్నదమ్ములు: ఆస్ట్రేలియా ఆదివాసీల రాతి బొమ్మల్లో ఈ జంటలు ఎవరు?

#1 | వానచినుకు | హైదరాబాద్

అందరికీ నమస్కారం. జూన్‌లో డార్విన్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరకు వెళ్తున్నాను. అక్కడి రాతి బొమ్మల గురించి వెతుకుతుంటే ఒక ఫోటో కనిపించింది. ఎర్రరాతి గోడ మీద పక్కపక్కనే ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒంటినిండా నిలువు చారలు, తల మీద కిరణాల్లాంటి గీతలు, నోరు లేదు. కింద "మెరుపు అన్నదమ్ములు" అని మాత్రమే రాశారు. ఆ తర్వాత చూస్తే ఎక్కడ చూసినా జంటలే! ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు, మొగుడూ పెళ్లాం. వీళ్లు దేవుళ్లా? దయ్యాలా? ఇంతమంది జంటలుగానే ఎందుకు ఉన్నారు? తెలిసినవాళ్లు చెప్పండి. వికీపీడియా చదివితే ఇంకా గందరగోళమైంది.

#2 | కేథరిన్_రాజు | నార్తర్న్ టెరిటరీ

వానచినుకు గారూ, మీరు చూసింది మా వైపుదే. కేథరిన్ పట్టణానికి నైరుతిగా పశువుల స్టేషన్ల (పెద్ద పశువుల పెంపక క్షేత్రాల) మధ్య యివర్లార్లై అనే చోటు ఉంది. అది వార్డమాన్ ప్రజల నేల. అక్కడి గోడ మీద ఉన్న ఇద్దరి పేర్లు యగ్జగ్బుల, జబిరింగ్గి. మనిషి ఎత్తు కంటే చాలా పెద్ద బొమ్మలు.

కథ ఇదీ. ఇద్దరూ అన్నదమ్ములు. జబిరింగ్గి భార్య గుల్లిరిడన్. జబిరింగ్గి వేటకు పోయిన సమయంలో యగ్జగ్బుల ఆమెతో కలిశాడు. ఆ సంగతి తెలిశాక ఇద్దరూ కొట్టుకున్నారు. ఆ కొట్లాటలో మెరుపులు పుట్టాయి, ఉరుములు ఉరిమాయి, వాన కురిసింది. యివర్లార్లైలో బండ నడిమికి చీలి ఉంటుంది. ఆ చీలిక మెరుపు దెబ్బకు పడిందే అంటారు. పోట్లాట చూడ్డానికి కప్పలు కూడా వచ్చాయట. వాన ముందు కప్పల అరుపులు విన్నవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

దేవుళ్లా, దయ్యాలా అన్నారు. రెండూ కాదు. వార్డమాన్ వాళ్లు "బువరజ" అంటారు. లోకం రూపు దిద్దుకున్న కాలమూ, ఆ కాలంలో తిరిగినవాళ్లూ, వాళ్లు పెట్టిపోయిన కట్టుబాటూ అన్నీ ఆ ఒక్క మాటలో వస్తాయి. అది ఎప్పుడో జరిగి ముగిసిపోయిన సంగతి కాదు. ప్రతి ఏడూ వాన ముందు మెరుపు మెరిసిందంటే వాళ్లిద్దరూ ఇంకా అక్కడే ఉన్నారని.

ఇంకో మాట. ఈ బొమ్మల్ని ఎవరో గీశారని వార్డమాన్ పెద్దలు చెప్పరు. ఆ అన్నదమ్ములే తమను తాము బండలో పెట్టుకున్నారంటారు.

#3 | బొమ్మల_పిచ్చి | విజయవాడ

అరె, ఇది అచ్చం వాలి సుగ్రీవుల కథ కదండీ! అన్నదమ్ములు, ఒకరి భార్య దగ్గర ఇంకొకరు, కొట్లాట. ఇద్దరూ ఒకేలా ఉంటారు కూడా. రాముడికి ఎవరు ఎవరో తెలియక మొదటిసారి బాణం వెయ్యలేదుగా. రామాయణం అక్కడిదాకా వెళ్లిందేమో అని నాకు అనుమానం.

#4 | పాతరాతి | కడప

బొమ్మల పిచ్చి గారూ, పోలిక సరదాగా ఉంది కానీ అక్కడే ఆగుదాం. అన్నదమ్ములు ఆడదాని కోసం కొట్టుకోవడం అన్ని ఊళ్లలోనూ ఉన్న కథే, దానికి రామాయణం పడవెక్కి వెళ్లక్కర్లేదు.

రెండు కథలూ ఎక్కడ తేలతాయో చూడండి. వాలి కథ రాజ్యం ఎవరిది, రాముడు చెట్టు చాటు నుంచి కొట్టడం ధర్మమా అన్న వాదనలోకి వెళ్తుంది. మనవాళ్లు ఇప్పటికీ ఆ వాదన ఆపలేదు. యివర్లార్లై కథ వానలోకి వెళ్తుంది. ఎవరు గెలిచారన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, దాని మీద ఎవరికీ పట్టింపు లేదు. బండ చీలింది, వాన పడింది, కప్పలు వచ్చాయి. కథలో ఉన్నవన్నీ ఆ చుట్టుపక్కల నేల మీద చూపించగలిగినవే. కిష్కింధ ఎక్కడంటే మనం నాలుగు ఊళ్ల పేర్లు చెబుతాం. ఈ కథను మాత్రం ఆ బండ దగ్గర నుంచి కదపలేం.

వార్డమాన్ నేలలో ఇలా చారలతో జంటగా నిలబడ్డ పెద్ద బొమ్మలు ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. అన్నిటినీ మెరుపు అన్నదమ్ములు అనకండి. ఆ పేరు యివర్లార్లై వాళ్లది. మిగతా జంటలకు వాళ్ల వాళ్ల పేర్లు, వాళ్ల వాళ్ల నేల ఉన్నాయి.

#5 | బొమ్మల_పిచ్చి | విజయవాడ

సరే మాస్టారూ 😄 మరి జంటలుగానే ఎందుకు? దానికి జవాబు రాలేదు.

#6 | సముద్రం_సీత | డార్విన్

జంటల సంగతికి వస్తాను, ముందు కకాడు నేషనల్ పార్కు గురించి చెప్పనివ్వండి. వానచినుకు గారు డార్విన్ వస్తే చూసేది అదే. యివర్లార్లైకి మీ ఇష్టం వచ్చినట్టు కారేసుకుని వెళ్లలేరు.

కకాడులో నోర్లాంజీ అనే పెద్ద కొండ ఉంది, అక్కడివాళ్ల పేరు బురుంగ్గుయ్. దాని కింద అన్బంగ్‌బంగ్ గోడ. అక్కడ కనిపించేది నమర్రగోన్, మెరుపు మనిషి. చేతుల నుంచి కాళ్ల దాకా, తల చుట్టూ ఒక పట్టీ వంగి ఉంటుంది. అదే మెరుపు. మోకాళ్లకు, మోచేతులకు రాతి గొడ్డళ్లు. వాటితో నల్లమబ్బుల్ని బద్దలు కొడితే ఉరుములు. కింద ఆయన భార్య బర్గింజ్. వీళ్లకు పిల్లలున్నారు, అల్యుర్. ఎవరనుకున్నారు? మిడతలు! నారింజ రంగు, నీలం రంగు కలిసిన మిడత. లైఖార్ట్ అనే యాత్రికుడి పేరు మీద ఇంగ్లీషులో పిలుస్తారు. రాతి నేలలో ఘాటు వాసన వేసే ఒక పొదను తిని బతుకుతుంది. అక్టోబరు దాటాక, మొదటి ఉరుముల కాలంలో పెద్దవై రంగు తేలి కనిపిస్తాయి. ఆ కాలాన్ని ఇక్కడ గునుమెలెంగ్ అంటారు. పిల్లలు నాన్నను వెతుక్కుంటూ బయటకు వచ్చారంటారు. ఏది ఎప్పుడు జరుగుతుందో ఇంతకంటే బాగా గుర్తుపెట్టుకునే పద్ధతి నాకు తెలియదు.

నమర్రగోన్ ఉత్తరాన సముద్రం వైపు నుంచి నడిచి వచ్చాడని, దారిలో తన కన్ను ఒకటి తీసి కొండ అంచున పెట్టాడని, అది తుపానుల కాలం కోసం అక్కడే కూర్చుని చూస్తుందని చెబుతారు. ఆ కొండను దగ్గర్లోని ఒక ఎత్తు నుంచి చూడొచ్చు.

అదే గోడ మీద నమొంజోక్ ఉన్నాడు. వరసకు చెల్లెలయ్యే అమ్మాయితో కట్టుబాటు తప్పినవాడు. నబుల్విన్జ్‌బుల్విన్జ్ అనే చెడ్డ ఆత్మ కూడా ఉంది. అది ఆడవాళ్లను దుంపతో కొట్టి చంపి తింటుందట. కింద వరుసలో మామూలు ఆడామగా ఉన్నారు. కొందరు ఆడవాళ్ల రొమ్ముల మీద చిన్న చిన్న గీతలు ఉంటాయి, పాలు వచ్చిన తల్లులని గుర్తు.

కకాడులోనే ఉబిర్ అనే చోట ఇంకో జంట ఉంది, నమర్రగార్న్ అక్కచెల్లెళ్లు. చేతుల్లో తాడు బిగించి పట్టుకుని ఉంటారు. నక్షత్రాల్లో ఉంటూ ఆ తాళ్లు కిందికి విసిరి మనుషుల పేగులకు కట్టి జబ్బు తెప్పిస్తారట. ఇంకో కథలో ఒకరినొకరు భయపెట్టుకోవడానికి మొసలి రూపం ఎత్తి, చివరికి ఇద్దరూ మొసళ్లుగానే ఉండిపోయారు. మొసళ్లున్న ఏటి పక్కన పిల్లల్ని పెంచేవాళ్లకు ఈ కథ ఎందుకో వేరే చెప్పాలా?

#7 | వానచినుకు | హైదరాబాద్

సీత గారూ, మిడతల సంగతి అద్భుతం. జూన్‌లో అవి కనిపించవన్నమాట. ఈ నమర్రగోన్ బొమ్మ ఎన్ని వేల ఏళ్లది?

#8 | సముద్రం_సీత | డార్విన్

1964.

#9 | వానచినుకు | హైదరాబాద్

వేళాకోళమా?

#10 | సముద్రం_సీత | డార్విన్

కాదు 😄 ఇప్పుడు కనిపిస్తున్న ప్రధానమైన బొమ్మలు నయొంబోల్మి అనే చిత్రకారుడు 1963-64 ప్రాంతంలో వేసినవి. బద్మర్ది వంశంవాడు. "బారమండి చార్లీ" అని కూడా పిలిచేవారు, బారమండి అంటే ఇక్కడి చేప. 1967లో పోయాడు. ఆ గోడ మీద అంతకు ముందు తరాల బొమ్మలున్నాయి, వాటి మీదే ఆయన వేశాడు. తన నేలలో బొమ్మలు వెలిసిపోతున్నాయని, కుర్రవాళ్లు బయటి పనులకు వెళ్లిపోతున్నారని చూసి వేశాడు. రాళ్ల మీద ఇంత విరివిగా వేసిన చివరి తరం వాళ్లలో ఆయన ఒకడు.

#11 | సూర్యం_పెర్త్ | పశ్చిమ ఆస్ట్రేలియా

అందరూ నార్తర్న్ టెరిటరీ గురించే మాట్లాడుతున్నారు, పశ్చిమాన ఉన్న మా కింబర్లీని మరిచిపోయారు. వాంజినా బొమ్మలు చూశారా? తెల్లటి పెద్ద ముఖం, నల్లటి కళ్లు, తల చుట్టూ వలయం, నోరు లేదు. నిజం చెప్పండి, హెల్మెట్ పెట్టుకున్న వ్యోమగామిలా లేదూ? యూట్యూబ్‌లో ఒకాయన దీని మీద గంటసేపు చెప్పాడు.

#12 | పాతరాతి | కడప

ఆ గంటసేపులో వాంజినాల సొంతదారులు ఒక్కసారైనా మాట్లాడారా? నేను పందెం కాస్తాను, మాట్లాడి ఉండరు.

వాంజినాలు వొరొర, ఙారిన్యిన్, వునంబల్ అనే మూడు జనాల వాళ్లకు చెందినవి. వాన, మబ్బు వాళ్ల చేతిలో ఉంటాయి. తల చుట్టూ ఉన్నది మబ్బు, అందులోంచి వచ్చే గీతలు మెరుపు. నోరు ఉంటే వాన ఆగకుండా కురిసి లోకం మునిగిపోతుందని ఒక మాట. ఇంత చక్కటి వివరణ వాళ్ల దగ్గర ఉండగా హెల్మెట్ దేనికండీ?

ఇది కొత్తగా పుట్టిన పిచ్చి కూడా కాదు. 1838లో జార్జ్ గ్రే అనే ఇంగ్లీషు అధికారి గ్లెనెల్గ్ నది దగ్గర ఈ బొమ్మలు చూశాడు. చూసి, ఇవి ఇక్కడి జనం వేసి ఉండరు, ఎవరో బయటివాళ్లు వచ్చి వేశారని రాసుకున్నాడు. 1891లో జోసెఫ్ బ్రాడ్‌షా అదే కింబర్లీలో సన్నగా, కుచ్చులు కట్టుకుని నాట్యం చేస్తున్నట్టున్న బొమ్మలు చూస్తే వాటికీ పరాయి దేశాల పుట్టుకే అంటగట్టారు. ఙారిన్యిన్ వాళ్లు వాటిని గ్వియోన్ గ్వియోన్ అంటారు. ఒక పక్షి ముక్కుతో రాతిని పొడిచి, ముక్కు పగిలి, ఆ నెత్తురుతో వేసిందని కథ. గ్రే ఎవరో బయటివాళ్లన్నాడు, యూట్యూబ్ ఆయన గ్రహాంతరవాసులంటున్నాడు. ఇద్దరి చూపూ ఒకటే: ఈ జనం వల్ల కాదు.

#13 | నిర్వాహకులు

ఏలియన్ల చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ బొమ్మల గురించి మాత్రమే.

#14 | సూర్యం_పెర్త్ | పశ్చిమ ఆస్ట్రేలియా

నేను నమ్ముతున్నానని అనలేదండీ, చూడ్డానికి అలా ఉందన్నాను. సరే. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో స్టేడియంలో పైకి లేచిన పెద్ద ముఖం గుర్తుందా? అది వాంజినానే. నమరలి అనే వాంజినా. డానీ వూలగూజ అనే వొరొర చిత్రకారుడు రూపం ఇచ్చాడు. అప్పుడు మేమంతా టీవీ ముందు కూర్చుని, అదేమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టాం.

జంటల గురించి అడిగారుగా. కింబర్లీలో అసలైన జంట వోదొయ్, జుంగున్. రెండూ రాత్రిపూట తిరిగే పక్షులు, కానీ అప్పట్లో మనుషులే. ఙారిన్యిన్ సమాజం రెండు సగాలుగా ఉంటుంది. ఒక సగం వోదొయ్‌ది, ఇంకో సగం జుంగున్‌ది. ఒక సగంలో పుట్టినవాళ్లు అదే సగంలో పెళ్లి చేసుకోకూడదు, రెండో సగంలోకి వెళ్లి చేసుకోవాలి. ఆ కట్టుబాటు పెట్టింది వీళ్లిద్దరే. మొదట కొట్టుకున్నారు, తర్వాత ఒకరికొకరు ఆడపిల్లల్ని ఇచ్చుకుని వియ్యమందారు.

#15 | పాతరాతి | కడప

సూర్యం గారు అసలు సంగతి అందించారు. బొమ్మల పిచ్చి గారి ప్రశ్నకు నా జవాబు ఇక్కడి నుంచే.

ఆస్ట్రేలియాలో చాలా ఆదివాసీ సమాజాలు ఇలా రెండు సగాలుగా ఉంటాయి. మనుషులే కాదు, జంతువులు, చెట్లు, నేల, గాలులు కూడా ఏదో ఒక సగానికి చెందినవే. ఒక వేడుకలో ఒక సగంవాళ్లు సొంతదారులైతే రెండో సగంవాళ్లు దాన్ని సరిగ్గా జరిగేట్టు చూసే కాపలాదారులు. ఒకరు లేకుండా ఇంకొకరి పని జరగదు. అలాంటి చోట కథలో ఇద్దరు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కొట్లాట కూడా అందుకే. వరసలు ఎక్కడ తప్పుతాయో, తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఒక్కడు సరిపోడు. నమొంజోక్ వరస తప్పాడు, యగ్జగ్బుల అన్నదమ్ముల మధ్య హద్దు దాటాడు.

ఇది అన్ని జంటలకూ వర్తిస్తుందని అనను. నమర్రగార్న్ అక్కచెల్లెళ్లను ఈ లెక్కలోకి లాగాలంటే కష్టమే. ఉత్తరాన రెండు కాలాలే గట్టిగా ఉంటాయి, వానలు లేని కాలం, వానకాలం. రెండిటి మధ్య ఉరుములు మెరుపుల వారాలు. వానను ఇద్దరి కొట్లాటగా ఊహించడానికి ఆ ఆకాశం కూడా కారణం కావొచ్చు. ఇది నా ఊహ మాత్రమే, వార్డమాన్ వాళ్ల మాట కాదు.

#16 | ద్రావిడ_వీరుడు | చెన్నై

ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పడం లేదు. ఆస్ట్రేలియా ఆదివాసీలూ మనమూ ఒకే రక్తం అని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. నాలుగు వేల ఏళ్ల కింద మనవాళ్లే అక్కడికి వెళ్లారు. మేనరికాలు, వరసలు మన దగ్గరా ఉన్నాయి కదా! కాబట్టి ఆ బొమ్మలు కూడా మనవాళ్లవే అయ్యుండాలి.

#17 | కేథరిన్_రాజు | నార్తర్న్ టెరిటరీ

అన్నా, ఇది నేను ప్రతి వాట్సాప్ గ్రూపులో చూస్తున్నాను. మీరు చెప్పే పరిశోధన 2013లో వచ్చింది. సుమారు 4,200 ఏళ్ల కింద భారతదేశం వైపు నుంచి కొంత జన్యు ప్రవాహం ఉండొచ్చని అందులో అన్నారు. పోల్చిన వాటిలో దక్షిణ భారత జనాల నమూనాలు కూడా ఉన్నాయి. కానీ 2016లో ఆదివాసీ మగవాళ్ల వై క్రోమోజోములను (తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి) పూర్తిగా చదివి చూశారు. భారత్ వైపు వాటితో వాటి బంధం యాభై వేల ఏళ్ల నాటిదని, నాలుగు వేల ఏళ్ల నాటి కలయికకు ఆధారం లేదని తేలింది. అదే ఏడు వచ్చిన ఇంకో పెద్ద జీనోమ్ పరిశోధనలో కూడా ఆ కలయిక కనిపించలేదు. వాట్సాప్‌లో 2013 మాత్రమే తిరుగుతుంది, 2016 తిరగదు.

#18 | ద్రావిడ_వీరుడు | చెన్నై

సైంటిస్టులు రోజుకో మాట చెబుతారు.

#19 | లారా_లక్ష్మి | కెయిర్న్స్

రక్తాల గొడవ ఆపి కాసేపు నవ్వుకోండి. మా క్వీన్స్‌లాండ్‌లో లారా అనే చిన్న ఊరి చుట్టూ ఇసుకరాతి కొండల్లో క్వింకన్ బొమ్మలుంటాయి. వాటిలోనూ రెండు రకాలు. టిమర అంటే సన్నగా పొడుగ్గా ఉండి రాతి పగుళ్లలో దాక్కునేవాళ్లు, మరీ చెడ్డవాళ్లు కాదు. ఇమ్జిమ్ అంటే పొట్టివాళ్లు, పెద్ద చెవులు, పిల్లల్ని ఎత్తుకుపోతారు. గుండ్రటి గడ్డ ఉన్న ఒక అవయవం మీద కంగారూలా గెంతుతూ పోతారట. ఆ అవయవం ఏమిటో పిల్లలున్న థ్రెడ్‌లో రాయను 🙈. గైడు గారు ముఖంలో నవ్వు రానివ్వకుండా చెప్పారు, మేమే ఆగలేకపోయాం.

పెర్సీ ట్రెజైస్ అనే పైలట్, డిక్ రఫ్సీ అనే లార్డిల్ చిత్రకారుడు కలిసి ఏళ్ల తరబడి తిరిగి ఈ బొమ్మల్ని నమోదు చేశారు. పిల్లల పుస్తకాలుగా కూడా తెచ్చారు. ఇక్కడ చాలామంది తెల్లవాళ్లకు క్వింకన్లు ఆ పుస్తకాల్లోంచే తెలుసు.

సన్నటివాళ్లు అంటే కకాడులో మిమిలు కూడా ఉన్నారు కదా సీతక్కా?

#20 | సముద్రం_సీత | డార్విన్

ఉన్నారు లక్ష్మీ. మిమిలు ఎంత సన్నం అంటే గట్టి గాలి వీస్తే మెడ విరుగుతుందట. అందుకే గాలి ఉన్న రోజు బయటకు రారు. రాతి మీద ఊదితే పగులు తెరుచుకుంటుంది, లోపలికి వెళ్లిపోతారు. మనుషులకు వేట, బొమ్మలు వేయడం నేర్పింది వాళ్లేనని చెబుతారు. ఉబిర్‌లో నిచ్చెనకు కూడా అందనంత ఎత్తులో, వేలాడే బండ అడుగున ఎర్రటి బొమ్మలున్నాయి. అక్కడెలా వేశారంటే, మిమిలు బండను కిందికి దింపి, బొమ్మ వేసి, మళ్లీ పైకి నెట్టేశారు. మా తమ్ముడు సివిల్ ఇంజినీరు, ఆ బండను చూసి "ఇంతకంటే నమ్మదగిన మెథడ్ స్టేట్‌మెంట్ లేదు" అన్నాడు. పని ఎలా చేస్తారో ఇంజినీర్లు ముందే రాసుకునే కాగితం అది.

#21 | గోడరంగు | గుంటూరు

1964 దగ్గర నేను ఆగిపోయాను. పాత బొమ్మల మీద కొత్త రంగు వేస్తే అది పురాతన కళ ఎలా అవుతుంది? మన దగ్గర లేపాక్షి కప్పు మీద ఎవరైనా కొత్త రంగులు పూస్తే ఊరుకుంటామా? నేను పాత భవనాల మరమ్మతు పనిలో ఉన్నాను. మా పనిలో మొదటి నియమం, పాతదాన్ని ముట్టుకోవద్దు.

#22 | సూర్యం_పెర్త్ | పశ్చిమ ఆస్ట్రేలియా

ఈ గొడవ కింబర్లీలో నిజంగానే జరిగింది. 1987లో ప్రభుత్వ నిధులతో ఆదివాసీ యువత కొన్ని వాంజినా గుహల్లో బొమ్మల్ని మళ్లీ వేశారు. స్థానిక పశువుల స్టేషన్ల వాళ్లు, కొందరు పరిశోధకులు మండిపడ్డారు. పురాతన సంపద పాడు చేశారని, అనుభవం లేని కుర్రాళ్లతో వేయించారని. డేవిడ్ మొవల్జర్లై అనే ఙారిన్యిన్ పెద్ద దానికి జవాబు చెప్పాడు. మరుసటి ఏడు ఒక పురావస్తు పత్రికలో కూడా ఆయన వాదన వచ్చింది. వాంజినాకు ఎప్పటికప్పుడు రంగు వేయడం తమ బాధ్యత, అలా వదిలేస్తే బొమ్మ వెలిసి నేల బలం తగ్గుతుంది, వానలు దెబ్బతింటాయి.

#23 | గోడరంగు | గుంటూరు

బాధ్యత అర్థమైంది. కానీ కింది పొరలో ఉన్నది పోయింది కదా? రేపు ఎవరైనా ఆ రంగును పరీక్షించాలంటే?

#24 | పాతరాతి | కడప

గోడరంగు గారూ, మీరు లేపాక్షితో పోల్చారు. మా ఊరి పోలేరమ్మతో పోల్చండి. ప్రతి జాతరకూ అమ్మవారికి పసుపు, కుంకుమ, కొత్త రంగు. నూరేళ్ల నాటి రంగు పొర పోయిందని ఊళ్లో ఎవరైనా ఏడ్చారా? రంగు వేయని ఏడాదే ఏడుస్తారు. వాంజినా ఆ లెక్కలోది.

అయితే మీ రెండో ప్రశ్నను కొట్టిపారేయను. పొర పోయినప్పుడు కొంత సమాచారం పోతుంది, నిజమే. దానికి ఎవరు ఒప్పుకోవాలన్నదే అసలు తగాదా. ఆ బొమ్మలకు సొంతదారులు ఉన్నారు, వాళ్ల పనిని వాళ్లు చేసుకుంటున్నారు. కావాలంటే రంగు వేసే ముందు వాళ్ల అనుమతితో ఫోటోలు, నమూనాలు తీసుకోవచ్చు.

మా జిల్లాలో చింతకుంట బొమ్మలున్నాయి, తెలంగాణలో పాండవుల గుట్ట ఉంది. ఎద్దులు, జింకలు, మనుషులు ఎర్రగా కనిపిస్తారు. పాండవుల గుట్ట అన్న పేరు చాలా తర్వాత జనం పెట్టుకున్నది. ఆ బొమ్మల్లో ఉన్నది ఎవరని అడిగితే, ఇది మా తాతది అని చెప్పే వంశం ఏదీ లేదు. కాబట్టి అక్కడ ముట్టుకోవద్దన్న మీ నియమమే సరైనది. యివర్లార్లైలో, అన్బంగ్‌బంగ్‌లో అడిగితే చెప్పేవాళ్లున్నారు. రెండు చోట్లా ఒకే నియమం ఎలా పెడతాం?

#25 | గోడరంగు | గుంటూరు

పోలేరమ్మ పోలిక బాగుంది. అయినా ప్రభుత్వ డబ్బుతో, కొత్తవాళ్లతో వేయించడం నాకు ఇంకా ఇబ్బందిగానే ఉంది. జాతరలో కూడా రంగు వేసేవాడు ఎవడో ఒక లెక్క ఉంటుంది.

#26 | వానచినుకు | హైదరాబాద్

మరి ఈ బొమ్మల వయసు అసలు ఎలా తెలుస్తుంది? ఒక చోట 65 వేల ఏళ్లు అని చదివాను, ఇక్కడేమో 1964.

#27 | కేథరిన్_రాజు | నార్తర్న్ టెరిటరీ

65 వేలు బొమ్మల వయసు కాదు. కకాడు దగ్గర మజెద్‌బెబె అనే రాతి నీడలో తవ్వితే దొరికిన పనిముట్ల వయసు. 2017లో ప్రకటించారు, ఆ లెక్క మీద కొందరు నిపుణులకు అభ్యంతరాలున్నాయి. ఎర్రమట్టి రంగులో వయసు లెక్కకు కావాల్సిన కార్బన్ ఉండదు కాబట్టి బొమ్మను నేరుగా లెక్కగట్టడం కష్టం. అందుకని కింబర్లీలో ఒక తెలివైన పని చేశారు. బొమ్మల కింద, పైన కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు ఉంటాయి. వాటిలో బొగ్గు తునకలు ఇరుక్కుంటాయి, వాటిని లెక్కిస్తే బొమ్మ ఏ రెండు కాలాల మధ్యదో తెలుస్తుంది. అలా గ్వియోన్ బొమ్మలు చాలావరకు 12 వేల ఏళ్ల ప్రాంతానివని 2020లో చెప్పారు. ఒక కంగారూ బొమ్మ సుమారు 17,300 ఏళ్లదని 2021లో.

మా యివర్లార్లైలో 1980ల చివర తవ్వకాలు జరిగాయి. గోడ కింద మట్టిపొరల్లో రాలిన రంగు ముక్కలను బట్టి అక్కడి బొమ్మలు పెద్ద పాతవి కావని, ఇటీవలి శతాబ్దాలవేనని తేల్చారు. వార్డమాన్ పెద్దలు మాత్రం అన్నదమ్ములు మొదటి నుంచీ అక్కడే ఉన్నారంటారు. రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకోవని నా అభిప్రాయం. తవ్వకం రంగు గురించి చెబుతోంది, పెద్దలు అన్నదమ్ముల గురించి చెబుతున్నారు.

#28 | ద్రావిడ_వీరుడు | చెన్నై

కందిరీగ గూళ్ల సంగతి ఆసక్తిగా ఉంది. లింకు ఉంటే పెట్టండి.

#29 | మెల్‌బోర్న్_మాధవి | మెల్‌బోర్న్

ఆలస్యంగా వచ్చాను. దక్షిణాన కూడా ఒకటి చెప్పాలి, గోడరంగు గారికి నచ్చుతుంది. విక్టోరియాలో స్టావెల్ పట్టణం దగ్గర బుంజిల్ గుహ ఉంది. బుంజిల్ ఈ వైపు జనాలకు లోకాన్ని చేసినవాడు. గుహలో ఆయన కూర్చుని ఉంటే పక్కన రెండు డింగో కుక్కలు. మళ్లీ జంటే! కొన్ని దశాబ్దాల కింద రంగు పరీక్షల్లో యూరోపియన్ల పెయింటు కనిపించి ఇది నకిలీ అనేశారు. తర్వాత ఇంకా జాగ్రత్తగా చూస్తే అడుగున ఉన్నది ఆదివాసీల మట్టిరంగేనని, పైన ఎవరో తర్వాత దిద్దారని తేలింది. అక్కడ దిద్దినది ఎవరో తెలియదు. కాబట్టి గోడరంగు గారి కోపం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

#30 | గోడరంగు | గుంటూరు

చూశారా!

#31 | వానచినుకు | హైదరాబాద్

అందరికీ చాలా థాంక్స్. ఇక ఆచరణలోకి వద్దాం. జూన్‌లో కకాడుకు వెళ్తే అన్బంగ్‌బంగ్, ఉబిర్ రెండూ చూడొచ్చా? ఫోటోలు తీసుకోవచ్చా? అమ్మ కూడా వస్తోంది, మోకాళ్ల నొప్పి.

#32 | సముద్రం_సీత | డార్విన్

జూన్ మంచి సమయం. వానలు ఆగి రోడ్లు తెరుచుకుంటాయి, ఎండ కూడా భరించొచ్చు. పార్కు పాసు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. రెండు చోట్లకూ కారు వెళ్తుంది, అక్కడి నుంచి నడక. అన్బంగ్‌బంగ్ గోడ దాకా అమ్మగారు మెల్లగా నడవగలరు. ఉబిర్‌లో కింద ఉన్న బొమ్మల వరకు పర్వాలేదు, పైన బండెక్కి సూర్యాస్తమయం చూడ్డం మాత్రం ఆమెకు వద్దు. మధ్యాహ్నం వేడికి ముందే నడక ముగించండి, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి.

ఫోటోలు ఈ రెండు చోట్లా తీసుకోవచ్చు. కొన్ని చోట్ల వద్దని బోర్డు ఉంటుంది, అక్కడ ఫోను జేబులో పెట్టండి. గోడను ముట్టుకోవద్దు, చేతి చెమట రంగును పాడు చేస్తుంది. వానలు లేని కాలంలో రేంజర్లు బొమ్మల దగ్గర కథలు చెబుతారు, సమయాలు విజిటర్ సెంటర్‌లో అడగండి. వాళ్లు చెప్పి ఆపేసిన చోట "తర్వాత ఏమైంది" అని గుచ్చి గుచ్చి అడగకండి. కొన్ని కథల్లో పిల్లలకు చెప్పే భాగం వేరు, దీక్ష తీసుకున్న పెద్దలకు చెప్పే భాగం వేరు. మనకు చెప్పేది మొదటి భాగమే.

మీ తమ్ముడి కారు ఏది? చిన్న కారైనా ఫర్వాలేదు, ఈ రెండు చోట్లకూ తారురోడ్డే. జిమ్ జిమ్ జలపాతం కూడా చూడాలంటే మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి.

#33 | వానచినుకు | హైదరాబాద్

పాత కరోలా అక్కా. జిమ్ జిమ్ వదిలేస్తాం.